అక్క చెవి

ఇంజన్లను పరీక్షించే గదిలో ఆమె అందరికీ అక్కే. గోళ్ల సందుల్లో నూనె నలుపు, బిగించి చుట్టిన జుట్టుముడి. ఆ కంపెనీ తయారుచేసే మూడు సిలిండర్ల స్పోర్ట్స్ బైకు ఆరువందల యాభై సీసీతో పుట్టి, ఏడువందల ఇరవైకి ఎదిగి, నూట ఇరవై హార్స్‌పవర్ పుంజుకునేదాకా ప్రతి ఇంజనూ ఆమె విన్నాకే గడప దాటింది. కొత్త మోడల్ విడుదలకు ముందురోజు, కళ్లు మూసుకుని వింటున్న అక్క చటుక్కున ఇంజను ఆపేసింది.

"కంప్యూటర్ అంతా బాగుందంటోంది కదక్కా! రేపే బండి బయటికెళ్లాలి," విసుక్కున్నాడు ఇంజనీరు.

"మూడోది తడబడుతోంది బాబూ. విప్పి చూడు."

విప్పితే, మూడో సిలిండరు వాల్వు దగ్గర ఉండాల్సిన సందు వెంట్రుకవాసి తగ్గింది. ఇంజనీరు తెల్లబోయాడు.

"ఇంత రొదలో ఎలా పట్టావక్కా?"

"ముగ్గుర్నీ పెంచింది నేనే. ఎవరు ఏడుస్తున్నారో నాకు తెలీదా?" అంటూ అక్క గర్వంగా స్పానరు అందుకుంది.