మనోడికిచ్చిన కీ

బహ్రెయిన్‌లో ఉద్యోగంలో చేరిన ఆ తొలి ఏళ్లలో ‘కుదరదు’ అనే మాటకు నాకు నోరు తిరిగేది కాదు. దాన్ని మంచితనమనుకునేవాణ్ని. మా చిన్న కంపెనీ గ్యారేజీలకూ క్లినిక్కులకూ ఎస్సెమ్మెస్‌లు గంపగుత్తగా పంపే సాఫ్ట్‌వేర్ అమ్మేది. ఖాతాదారుడి కంప్యూటరు మా వ్యవస్థలోకి రావాలంటే ఏపీఐ కీ అనే పొడవాటి రహస్య అక్షరాల వరుస చూపాలి. ఆ కీలు తయారుచేసి, ఏ కీ ఏమేం చేయవచ్చో గడుల్లో టిక్కులు పెట్టడం నా డ్యూటీ. (జీతమిచ్చేది టిక్కులు పెట్టకుండా ఉన్నందుకని తర్వాత తెలిసింది.)

తుబ్లీ అనే పేటలో ఒక వర్క్‌షాపులో మెకానిక్కుగా చేసే అన్న ఒకాయన మా తెలుగు ప్రార్థన సహవాసానికి పెద్ద దిక్కు. నేను దిగిన కొత్తలో నాకు అన్నం పెట్టినవాడు. “తమ్ముడూ, శుక్రవారం మీటింగు కబురు ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి చెప్పలేక చస్తన్నాను. మీ కంపెనీ కీ ఒకటి పడెయ్యి” అన్నాడు. కొత్త కీకి మేనేజరు అనుమతి కావాలి. మనోడే కదా అని నా సొంత కీ ఇచ్చేశాను. దానికి అన్ని గడుల్లోనూ టిక్కులున్నాయి.

శుక్రవారం పొద్దున అన్న మా యాప్‌లో ఆ కీ కొట్టి ‘అందరికీ’ అనే బటన్ నొక్కాడు. ఆయన లెక్కలో అందరూ అంటే సహవాసం వాళ్లు. యంత్రం లెక్కలో మా ఖాతాదారుల దగ్గరున్న ప్రతి నంబరూ. అమ్వాజ్‌లో ఏసీ బాగుచేయించుకున్నవాళ్లకూ, క్లినిక్కులో పన్ను పీకించుకున్నవాళ్లకూ ఇంగ్లీషు అక్షరాల తెలుగులో కబురు వెళ్లింది: “ఆరాధన తర్వాత తుబ్లీ వర్క్‌షాపు వెనక చేపల పులుసు. అందరూ రండి. ప్లేట్లు మీవే.” చాలామందికి అర్థం కాలేదు. అర్థమైనవాళ్లు వచ్చారు. సఖీర్ వైపు లేబర్ క్యాంపు నుంచి ఒక బస్సు ఆగి, “అన్నా, దావత్ గీడనేనా?” అంటూ కుర్రాళ్లు ప్లేట్లతో దిగారు. అన్న వదిన వైపు చూశాడు. వదిన గిన్నె వైపు చూసింది. “పులుసే కదా, నీళ్లు పొయ్యండి” అంది.

సెలవు తర్వాత ఆఫీసు తెరవగానే మేనేజరు పిలిచాడు. “ఈ కీ ఎవరిది భాయ్?”

“నాదే సార్. ఎవరో దొంగిలించారు.” (అబద్ధం అంత సాఫీగా ఎలా వచ్చిందో, ఇప్పటికీ సిగ్గే.)

“అయితే పోలీసులకు చెబుదాం. యల్లా, పద.”

వాళ్లు వెతికితే ముందు దొరికేది అన్న. కేసు పడితే ఆయన వీసా ఖలాస్. నిజం చెప్పేశాను.

“ఎందుకిచ్చావు?”

“మనోడు సార్.”

“మన కంపెనీవాడా?”

“కాదు సార్. అన్నం పెట్టినవాడు.”

ఉద్యోగం పోలేదు. ఖాతాదారులందరికీ క్షమాపణ ఫోన్లు మాత్రం నా వంతు. నా కీ రద్దయింది. మేనేజరు దయతలచి, సహవాసం నంబర్లకు మాత్రమే పనిచేసే చిన్న కీ ఒకటి అన్నకు ఇమ్మన్నాడు. దాన్ని చూసి అన్న ముఖం చిన్నబోయింది.

“ఇంతేనా తమ్ముడూ? నామీద నమ్మకం పోయిందా?”

“నామీద పోయింది అన్నా.”

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. “అయితే ఈ వారం నీకోసం ప్రార్థన పెడతాను. అందరికీ కబురు పంపనా?”

ఇప్పుడు ఎవరికెంత అనుమతి ఇవ్వాలో కుర్రవాళ్లకు పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. అయినా అడిగినవాడి ఇంటిపేరు తెలుగుదైతే నా వేలు తనంతట తానే మిగతా గడుల వైపు పోతుంది. దాన్ని చూసి నవ్వుకుని వెనక్కి తీసుకుంటాను. వెంటనే కాదు, కొంచెం ఆగి.