రాయి దెబ్బ వయసు

ఆటోనగర్‌లో మాకు కారు అద్దాల షాపు ఉంది. అద్దం పని మా ఆయనది. ధర కట్టడం, కొటేషన్ రాయడం, బిల్లు వేయడం నాది. స్టీల్ ప్లాంటు వైపు లారీల వెనక తిరిగే కార్లకు చిన్న రాళ్లు ఎగిరి ముందు అద్దానికి తగులుతూనే ఉంటాయి. దెబ్బ రూపాయి బిళ్ళకు మించకపోతే, అందులోకి రెసిన్ అనే జిగురు ఎక్కించి, యూవీ లైటు కింద గట్టిపరిచి, అద్దాన్ని నిలబెట్టవచ్చు. అరగంట పని. విడిగా వచ్చేవారి దగ్గర ఆరు వందలు తీసుకుంటాం. ఆలస్యమైతే దెబ్బలోకి నీరు, దుమ్ము చేరతాయి. ఒక మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారుకు ఏసీ వేయగానే దెబ్బ చీలికై పాకుతుంది. ఇక అద్దం మార్చడమే.

జూన్ నెలలో ఒక ట్రావెల్స్ యజమాని మా షాపుకు వచ్చారు. ఆయనకు ఇరవై ఆరు కార్లు. డ్రైవర్లతో సహా కంపెనీలకు అద్దెకు తిప్పుతారు. అన్ని కార్ల పనీ మాకే ఇస్తానని, ఏడాదికి సరిపడా రేటు రాసి ఇమ్మని అడిగారు. అంత పెద్ద ఖాతా మాకు అదే మొదటిది. కొటేషన్‌కు మూడు రోజులు తీసుకున్నాను. దెబ్బ ఒక్కింటికి నాలుగు వందల యాభై. అద్దం మార్పుకు ఆరు వేల ఎనిమిది వందలు. పాత దెబ్బను ముందు ఆరబెట్టి, శుభ్రం చేయాలి కనుక, మూడు రోజులు దాటితే నూట యాభై అదనం. దీనికోసం ప్రతి బిల్లులో ‘దెబ్బ వయసు’ అని ఒక గడి పెట్టాను. తేదీ లేని పని నాకు సగం పనిగానే కనిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా డైరీ రాస్తున్న అలవాటు అది. యజమాని కాగితమంతా చదివి, ఆ గడి మీద వేలుపెట్టి, ఇది చాలా బాగుందన్నారు. ఆ మాటను ఆ రోజు పేజీలో రాసుకున్నాను కూడా.

జులైలో పదకొండు దెబ్బలు బాగుచేశాం, రెండు అద్దాలు మార్చాం. ఆగస్టులో ఆరు దెబ్బలు, మూడు అద్దాలు. సెప్టెంబరులో రెండే దెబ్బలు. అద్దాలు మాత్రం ఐదు. రోడ్డు అదే, లారీలు అవే. దెబ్బలు తగ్గి అద్దాలు పెరగడం ఏమిటో నాకు అంతుపట్టలేదు. ఆదాయం పెరిగింది కనుక మా ఆయన పట్టించుకోలేదు.

అక్టోబరు మొదటి వారంలో ఆ ట్రావెల్స్ కారు ఒకటి వచ్చింది. డ్రైవరుకు యాభై దాటి ఉంటాయి. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటు డ్యూటీలో తిరుగుతున్నాడు. అద్దం మధ్యకు కాస్త పక్కగా, ఎవరూ అతికించని చోట, దేవుడి స్టిక్కరు ఉంది. దాని కింద నుంచి రెండు జానల చీలిక బయలుదేరింది. ఆగస్టు నుంచి ఇలా స్టిక్కర్లతో వచ్చిన కార్లను చూస్తూనే ఉన్నాను, భక్తి అనుకున్నాను. దేవుడి బొమ్మ మీద బ్లేడు పెట్టడం మా ఆయనకు ఇష్టముండదు. డ్రైవరునే తీసి డాష్‌బోర్డు మీద అతికించుకోమని, నవ్వుతూ అడిగాడు.

“దేవుడ్ని అద్దానికి కాపలా పెట్టీసేవేటి బావా?”

“దేవుడైతే మా సూపర్‌వైజరు పీకడు కదా బావా,” అన్నాడు డ్రైవరు.

స్టిక్కరు కింద రాయి దెబ్బ ఉంది. జిగురు లోపలికంటా దిగిపోయింది. ఎన్నాళ్లయిందని అడిగి, బిల్లు పుస్తకం తెరిచాను. అతను నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

“అమ్మా, అబద్ధం సెప్పను. పన్నెండ్రోజులైంది. డ్యూటీ వదిల్తే కదా ఇంత దూరం రావడానికి? మీరు పాతదని రాసేరంటే అద్దం డబ్బులు నా జీతంలో కోసేత్తారు.”

మిగిలినది నేను అడిగి తెలుసుకున్నాను. బిల్లులో దెబ్బ కొత్తదని ఉంటే ఖర్చు యజమానిది. మూడు రోజులు దాటిందని ఉంటే డ్రైవరుది. మూడు రోజుల్లో వచ్చేందుకు సూపర్‌వైజరు కారును వదలడు. నాలుగో రోజు నుంచి డ్రైవరు దెబ్బను దాస్తాడు, అది చీలేదాకా. ఇతని జీతం పదహారు వేలు. నెలకు పదిహేడు వందల చొప్పున నాలుగు నెలలు కోత. వాళ్ల రూలు నా కొటేషన్ నుంచి పుట్టింది. అంతకుముందు మార్చిన పది అద్దాల బిల్లులూ నా చేతిరాతలోనే ఉన్నాయి.

డ్రైవరు టీకి వెళ్లాక మా ఆయన నెమ్మదిగా అన్నాడు: “కొత్తదని రాసేయరాదేటే? ఒక్క ముక్కతో ఏటైపోద్ది?”

నేను రాయలేకపోయాను. తెలిసి ఒక్క తప్పు తేదీ రాస్తే మిగిలిన తేదీలన్నీ నాకే అనుమానంగా కనిపిస్తాయి. అలాగని పన్నెండు అనీ రాయలేదు. ఆ గడి ఖాళీగా వదిలి, బిల్లును యజమాని సంతకానికి నేనే తెస్తానని డ్రైవరుకు చెప్పాను. కొత్త అద్దం వేశాక జిగురు పట్టడానికి కారు మర్నాటి దాకా షాపులోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే కూర్చుని కొత్త రేటు కట్టాను. కారుకు నెలకు రెండు వందలు, దెబ్బలు ఎన్నయినా సరే. ఇరవై ఆరు కార్లకు ఐదు వేల రెండు వందలు. జులైలోని పదకొండు దెబ్బల ధర నాలుగు వేల తొమ్మిది వందల యాభై. పైన మిగిలే రెండు వందల యాభై మా ఆయన స్కూటరు పెట్రోలుకు. ప్రతి బుధవారం డ్యూటీలు మొదలవకముందే కంచరపాలెంలో వాళ్ల కార్లు నిలిపే చోటికి అతనే వెళ్లి అన్ని అద్దాలూ చూస్తాడు. వయసు గడి ఉండదు, జీతం కోయడానికి ఆధారమూ ఉండదు.

సోమవారం యజమాని ఆఫీసుకు వెళ్లాను. అద్దాల డబ్బు డ్రైవర్ల నుంచి వస్తున్నప్పుడు నెలనెలా తాను ఎందుకు కట్టాలని ఆయన అడిగారు. ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. కొత్త అద్దం జిగురు పట్టేవరకు కారు ఒక రోజు కదలకూడదు. అద్దె రోజుకు రెండు వేల రెండు వందలు. సెప్టెంబరులో ఐదు కార్లు నిలిచాయి, పదకొండు వేలు పోయాయి. కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు లెక్క చూసుకుని ఒప్పుకున్నారు.

అప్పుడు అసలు విషయం చెప్పాను: కొత్త రేటు ఈ నెల ఒకటో తేదీ నుంచే మొదలవ్వాలి, మొన్న మార్చిన అద్దం బిల్లు కూడా వయసు గడి లేకుండానే రావాలి. డ్రైవర్లను కోసే పద్ధతి సరికాదని కూడా అన్నాను.

“మీరు రాసిందే కదా మేడం నాను సేసింది?” అన్నారాయన. ఎగతాళి లేదు.

కాసేపు కాగితం తిప్పి చూసి, “ఒకటో తారీఖు నుంచే కానీండి. కారుకి పది తగ్గించండి,” అన్నారు.

నెలకు రెండు వందల అరవై. ఏడాదికి మూడు వేల నూట ఇరవై. పెట్రోలు పోగా ఇంకో పది రూపాయలు కూడా పోతాయి. ఆ డ్రైవరు జీతం కోయకుండా వదలడానికి ఇది ధర అని ఆయనకు బాగా తెలుసు. అంకె కొట్టి నూట తొంభై రాసి, సంతకం చేశాను. పాత పది బిల్లుల గురించి అడిగాను, అవి ముగిసిపోయాయన్నారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన పెట్రోలు ఎవరిస్తారని అడిగాడు, బుధవారం మాత్రం స్కూటరు తీసి వెళ్లాడు.

నవంబరులో ఒక బుధవారం నేనూ కంచరపాలెం వెళ్లాను. ఆ రోజు మూడు దెబ్బలు, అన్నీ చిన్నవి. ఆ డ్రైవరు తన కారు దగ్గర నుంచి వచ్చి, జీతం పూర్తిగా వచ్చిందని చెప్పాడు.

“మా ఓనరు మనసు మంచిదమ్మా. ఏటీ కోయలేదు.”

ఎవరు ఏది పొరపాటుగా చెప్పినా సరిదిద్దడం నా స్వభావం. ఆ పూట అవునన్నాను. అతని అద్దం మీద చేయి వేసి చూసి, దెబ్బలేమీ లేవని రాసుకుని, పక్క కారు దగ్గరకు నడిచాను.