చుక్కల బండి ఖాదర్‌బీ

ఖాదర్‌బీ చేతిలో పడ్డవాడెవడూ చచ్చిన దాఖలా లేదు. అలాగని ఆవిడ డాక్టరేం కాదు, పరుపులు కుడుతుంది. పర్చూరు రోడ్డు మీద బస్సు దిగి, పొగాకు కాల్చే బ్యారన్లు దాటి లోపలికి నడిస్తే, ఎప్పుడు చూసినా దూది పింజెలు ఎగురుతూ ఉండే వసారా ఒకటి కనిపిస్తుంది. అది ఆవిడదే. ఆవిడ చావకుండా కాపాడినవాళ్ళందరూ టీవీలో వాళ్ళు.

ఆ ఊరి కుర్రాడు కోటేష్ నిక్కర్లు వేసుకునే రోజుల్లో పంచాయితీ ఆఫీసు అరుగు మీద టీవీ పెట్టేవారు. ఆదివారం పొద్దున ఢిల్లీ నుంచి ఒక హిందీ సీరియల్ వచ్చేది. ఆకాశంలో ఒక ఓడ, అందులో కొందరు మనుషులు, ఏ గ్రహం మీద దిగినా ఒక ఆపద. దాని హిందీ పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగలేదు. ఊరంతా కలిసి 'చుక్కల బండి' అని పెట్టేసుకున్నారు. పేరైతే పెట్టుకున్నారు గానీ, వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో చెప్పేవాళ్ళేరీ? అప్పుడు అందరి కళ్ళూ వెనక వరసలో కూర్చున్న ఖాదర్‌బీ మీద పడ్డాయి.

"నువ్వు సాయిబుల మనిషివి గదా, ఏమంటన్నాడో చెప్పమ్మా!"

"నాకు రాదు" అందావిడ.

"అబ్బో, బెట్టు చేస్తంది చూడు!" అని రెక్క పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆనాటి నుంచీ తెర మీద ఎవరు నోరు తెరిచినా ఊరికి వినపడింది ఖాదర్‌బీ గొంతే.

ఓడ నడిపే కెప్టెన్‌కి ఆవిడ సూర్నారాయణ అని పేరు పెట్టింది. తెల్లకోటు మనిషి సుబ్బులు డాక్టరమ్మ. నెత్తిన రేకు డబ్బా బోర్లించుకొచ్చే దుష్టుడు డబ్బారాయుడు. వారానికోసారి ఓడలో ఎర్రలైటు గిరగిరా తిరిగేది, గోడలోంచి ఒక గొంతు "ఖత్రా! ఖత్రా!" అని కేకలు పెట్టేది. "అయ్యో, మళ్ళీ కత్తెర కనపట్టంలేదంట" అనేది ఖాదర్‌బీ. జనం ఉసూరుమనేవాళ్ళు. అంత ఓడ కట్టుకున్నారు, ఒక్క కత్తెర ఒక చోట పెట్టుకోలేరా అని పిచ్చయ్య భార్య గురవమ్మ ప్రతి ఆదివారమూ కోప్పడేది.

ఇక గ్రహాలంటారా, ఎన్ని గ్రహాలు తిరిగినా అదే రాళ్ళ గొయ్యి. ఒక వారం నీలం లైటు వేసేవాళ్ళు, ఒక వారం ఆకుపచ్చ లైటు వేసేవాళ్ళు. "ఇది చీమకుర్తి క్వారీ కాదూ?" అని ఖాదర్‌బీ మొదటి వారమే తేల్చి పారేసింది. ఆ గోతిలో నిలబడి ఓడ మనుషులు "పానీ నహీ హై" అని నాలుక తడుపుకుంటుంటే, "పని లేదంట పాపం" అని జాలిపడేది. పని లేనివాళ్ళు క్వారీకి రావడంలో వింతేముంది? అందుకే డబ్బారాయుడి మంట తగిలి ఎవరైనా భగ్గున మాయమైతే, ఆవిడ నింపాదిగా, "చీమకుర్తిలో పనికి కుదిరాడు, రావటానికి టైము పడతది" అని చెప్పేది.

ఆ ముక్క ఊరి నోళ్ళలో పడిపోయింది. గేదె చచ్చిపోతే చీమకుర్తి వెళ్ళిందనేవారు. తెల్లదోమ పత్తిని నాకేసిన ఏడాది పంట మొత్తం చీమకుర్తి వెళ్ళింది. కొత్తగా కాపురానికొచ్చిన ఒక కోడలు, పోయిన మామగారి ఫొటోకి దండ వేస్తూ, ఆయన చీమకుర్తిలో ఏం పని చేసేవారండీ అని భర్తనడిగిందట.

కాలం తిరిగి రెండువేల మూడొచ్చింది. పంచాయితీ టీవీ ఎప్పుడో మూలపడింది. ఇంటింటికీ టీవీ వచ్చింది, కోటేషే ఊరికి కేబులు లాగాడు. ఎన్ని ఛానళ్ళొచ్చినా మనవాళ్ళకి చుక్కల బండి రుచి మాత్రం నోటినుంచి పోలేదు. మధ్యాహ్నం కరెంటు పోగానే కోటేష్ ఖాదర్‌బీ వసారాలోకొచ్చి, కుట్టి ఎండకి పెట్టిన పరుపు మీద వెల్లకిలా పడేవాడు. గుంటూరు మిరపయార్డులో గుమాస్తాగా చేసే చిన్ననాటి నేస్తం బాలు సెలవురోజున వచ్చి పక్కన చేరేవాడు. వాడు కూర్చోగానే అందరూ వరసగా తుమ్మేవాళ్ళు. తుమ్ములయ్యాక సభ మొదలు.

"ఓడ ఊగినప్పుడు అందరూ ఎడమపక్కకి పడితే, సుబ్బులు డాక్టరమ్మ ఒక్కతే కుడిపక్కకి ఎందుకు పడేదిరా?" అనేవాడు బాలు.

"ఆవిడెప్పుడూ ఎదురు మనిషేలే" అనేది ఖాదర్‌బీ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"తలుపు దానంతటదే తెరుచుకునేది. తెరిచేవాడి మోచెయ్యి కనపడేది, గుర్తుందా?"

"ఆ మోచెయ్యికి పాపం ఒక్క మాటా ఇవ్వలేదు."

"అది సరే అత్తా, సూర్నారాయణ ఇప్పుడేం చేస్తుంటాడంటావు?"

"ఏం చేస్తాడు, పెద్దోడయ్యాడు గదా. ఓడ పక్కనెట్టి ఏ చుక్క మీదో ఇంత పత్తి ఏసుకుని ఉంటాడు."

కోటేష్ కళ్ళు సగం మూసుకునేవాడు. ఎదురుగా కల్లంలో ఎండబోసిన మిరపకాయలు కనుచూపుమేర ఎర్రగా పరుచుకుని ఉండేవి. ఖాదర్‌బీ దులిపిన దూది గాల్లోకి లేచి, ఎండలో మెరుస్తూ, కిందికి దిగాలో వద్దో తేల్చుకోలేక అక్కడే తిరుగుతుండేది. ఆ ఎర్రనేల మీద తన ఓడ ఇప్పుడే వాలినట్టు, తలుపు తీస్తే సూర్నారాయణ పత్తి చేలోంచి చెయ్యి ఊపుతున్నట్టు ఉండేది కోటేష్‌కి. అంత హాయి వాడికి ఇంకెక్కడా దొరకలేదు. ఇంతలో బాలు మళ్ళీ తుమ్మేవాడు, ఓడ కాస్తా మాయమయ్యేది.

ఒకసారి ఒంగోల్లో ఎలక్ట్రానిక్స్ షాపు శశిభూషణ్ తనూ ఆ సీరియల్ చూశానన్నాడు. కోటేష్ ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ కూర్చుని టీ తాగుతూ మాట్లాడుకున్నారు. "చివర్లో కెప్టెన్ చనిపోతాడు చూడండీ..." అన్నాడు శశిభూషణ్. "ఛ ఛ, చీమకుర్తి దగ్గర దిగాడండీ, కత్తెర కూడా దొరికింది" అన్నాడు కోటేష్. శశిభూషణ్ కొంచెంసేపు వాడి మొహంలోకి చూసి, కొన్న వైరు చుట్ట చేతిలో పెట్టి, ఎండలో తిరక్కండి అని చెప్పి పంపించాడు.

ఆ మాఘమాసంలో ఒక మధ్యాహ్నం కోటేష్ తన కంట్రోల్ రూములో కూర్చుని ఉండగా, తెర మీద ఎర్రలైటు గిరగిరా తిరిగింది. కోటేష్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అదే ఓడ, అవే మొహాలు! గోడలోంచి ఆ గొంతు అరిచింది: "ప్రమాదం! ప్రమాదం!" రాళ్ళ గోతిలో సూర్నారాయణ నాలుక తడుపుకుని, "నీళ్ళు లేవు" అన్నాడు. ఆ వెనకే ప్రకటన వచ్చింది. వచ్చే ఆదివారం నుంచి, పూర్తిగా తెలుగులో.

కోటేష్ అలాగే నిలబడిపోయాడు. కత్తెర కాదా? పని కాదా?

ఆవేళ సెలవుకి ఊళ్ళోనే ఉన్న బాలు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "చూశావా? ఒరేయ్, ఈ డబ్బింగోళ్ళకి హిందీ రాదురా! కత్తెరని పట్టుకుని ప్రమాదం అంటారేంది?"

కోటేష్ తిన్నగా వసారాకి నడిచాడు.

"అత్తా, నీకు హిందీ వచ్చా?"

సూది ఆగింది. "రాదు."

"ఒక్క ముక్క కూడానా?"

"మాది నూర్‌బాషా ఇల్లురా, దూదేకులోళ్ళం. మా తాతదీ తెలుగే, ఆయన తాతదీ తెలుగే. నమాజులో నాలుగు ముక్కలు తప్ప నాకింకో భాష తెలవదు. రాదని మొదటిరోజే చెప్పానా లేదా? మీరు వింటేనా!"

"మరి కత్తెర?"

"నాకట్టాగే వినపడింది. కుట్టుపని దాన్ని, నాకింకేం వినపడతదీ?"

కోటేష్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కత్తెర ఎక్కడ పోయి ఉంటుందా అని వాడు చిన్నప్పుడు నిద్రలు మానుకుని ఆలోచించాడు. "సరే, మాటలు తెలవలేదు. కళ్ళున్నాయిగా? మనిషి నిలువునా తగలబడితే పనికి కుదిరాడంటావేంది?"

ఖాదర్‌బీ పరుపు మడత సర్దింది.

"ఆ మొదటి ఆదివారం పిచ్చయ్యన్నయ్య గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాడు, పత్తిచేలో పాము కరిచి. ఇంట్లో ఒక్కతే ఏడుస్తా కూర్చుంటదని గురవమ్మొదినని నేనే టీవీ కాడికి లాక్కొచ్చా. ఇంతలో తెర మీద ఒకడొచ్చాడు, అచ్చం పిచ్చయ్యన్నయ్య మీసాలే. వచ్చినోడు వచ్చినట్టే మంటలో మాయమయ్యాడు. వదిన నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగినయ్యి. 'ఆయనకేమయింది ఖాదర్‌బీ?' అంటది. ఏం చెప్పమంటావురా? పనికి కుదిరాడమ్మా, వస్తాడు అన్నా. మర్నాడు అన్నయ్యకి తెలివొచ్చింది."

"తర్వాతైనా చంపొచ్చుగా!"

"ఎట్టా చంపేది? కూర్చున్నోళ్ళలో ఎవరింట్లో ఎవరు మంచాన పడున్నారో నాకేం తెలుసు?"

ఖాదర్‌బీ లేచి చీరకంటిన దూది దులుపుకుంది. "ఊరు నవ్వితే నవ్వనీ. వదిన మాత్రం ఇన్నేళ్ళూ దీని మాట నమ్మానే అనుకోదా? ఆ మొహం నేను చూడలేను. ఆదివారం బస్సుకి కొత్తపట్నం పోతా, జానీబీ దగ్గరుంటా. సీరియలు అయిపోయాక కబురెట్టు."

"అది ఏడాది వస్తదత్తా!"

"ఏడాదీ చేపలు తింటా. కూతురే గదా, వండిపెట్టదా?"

మాట వరసకి అన్నదేమో అనుకున్నాడు గానీ, ఆదివారం పొద్దున్నే వసారా ఊడ్చి ఉంది. దూది మూటలు కట్టి ఉన్నాయి. ఖాదర్‌బీ సంచి పట్టుకుని రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉంది. పిలిచినా వెనక్కి తిరగలేదు. కోటేష్ కంట్రోల్ రూములోకొచ్చి కూర్చున్నాడు. ఇంటింటా టీవీలు పెట్టేశారు. కాసేపట్లో ఊరికి నిజం తెలిసిపోతుంది, ఆవిడ ఇక ఈ ఊరికి రాదు. ఆ వసారా లేని ఊళ్ళో ఎన్ని ఛానళ్ళుంటే మాత్రం ఏం లాభం?

సంగీతం మొదలైంది. నల్లటి ఆకాశంలో చుక్కలు, చుక్కల మధ్య ఆ పాత ఓడ మెల్లగా తేలుతూ వచ్చింది. సూర్నారాయణ తెర మీదకొచ్చి నోరు తెరిచాడు. "నేస్తాల్లారా..." అన్నాడు తెలుగులో. నిక్కర్ల నాటి నుంచీ వినాలనుకున్న మాటలు అవి, అసలైన మాటలు. వాడికి ఆ ఒక్క ముక్కే దక్కింది. చెయ్యి చాపి ఆడియో వైరు లాగేశాడు.

నిమిషంలో బాలు ఊడిపడ్డాడు. "ఏరా, బొమ్మొస్తంది, సౌండేదీ?"

"పైనుంచే రావట్లా."

"వాళ్ళ డిష్షు తగలెయ్య! మరి ఏమంటన్నారో ఎట్టా తెలిసేది?" అని నెత్తి గోక్కుని, అంతలోనే కేక పెట్టాడు. "అత్తేదీ? ఒరేయ్, ఖాదర్‌బీ అత్తేదీ?"

ఇళ్ళలోంచి జనం బయటపడ్డారు. మోపెడ్ వేసుకుని బాలు బస్సుకి అడ్డంపడి, కాలు పైమెట్టు మీద పెట్టిన ఖాదర్‌బీని సంచితో సహా దించి తీసుకొచ్చాడు. ఈలోగా కోటేష్ తన టీవీని బయట అరుగు మీదకి లాగాడు. పిచ్చయ్య చాపలు పరిచాడు. గురవమ్మ పక్కకి జరిగి, "రా ఖాదర్‌బీ, ఇట్టా కూర్చో, నువ్వు లేకపోతే ఒక్క ముక్క అర్థం కావట్లా" అంది.

ఖాదర్‌బీ కోటేష్ వంక చూసింది. కోటేష్ చూరులో ఉన్న బల్లిని చూస్తున్నాడు. ఆవిడకి అర్థమయింది. కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"వీళ్ళంతా చుక్కల్లోకి బయల్దేరారు. దారిలో తినటానికి మిరపకాయ బజ్జీలు కట్టుకున్నారు" అని మొదలుపెట్టింది. తెర మీద ఓడ చప్పుడు లేకుండా తేలిపోతోంది. కల్లాల మీది గాలి ఘాటుగా వీస్తోంది. ఆవిడ జుట్టులో చిక్కుకున్న దూది పింజె ఒకటి, మాట మాటకీ ఊగుతోంది. పిల్లా పెద్దా నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. చూస్తుండగానే పాత రోజుల్లోకి జారిపోయాడు కోటేష్. అసలు మాటలు పోతే పోయాయనిపించింది.

ఎటొచ్చీ వైరు పీకడంలో కంగారుపడ్డాడు, అది పూర్తిగా ఊడిరాలేదు. ఉండుండి టీవీలోంచి గరగరమని చప్పుడు, ఆ వెనకే తెగిన మాట ఒకటి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఖాదర్‌బీ ఉలిక్కిపడి, అందుకుని మళ్ళీ చెప్పేది.

గురవమ్మ లేచి, మంచినీళ్ళు తాగొస్తానని, కోటేష్‌ని సైగతో వెంటబెట్టుకుని లోపలికొచ్చింది. కుండ వైపు వెళ్ళలేదు. కంట్రోల్ రూము గుమ్మంలో నిలబడింది.

"ఏరా, సౌండు పైనుంచే రావట్లేదా?"

"అవును పెద్దమ్మా" అన్నాడు కోటేష్, నేల చూస్తూ.

"నా దగ్గరా? ఆ మీసాలోడు కాలి బూడిదవటం ఆ రోజే చూశాన్రా. నాకు కళ్ళు లేవా? మా ఆయన ఉంటాడో పోతాడో తెలియని రోజున, వస్తాడని చెప్పింది అదొక్కతే. అది అబద్ధమని తెలిసినా నాకు ప్రాణం కుదుటపడింది." తర్వాత వైరు వైపు చూపించి, రహస్యంగా అంది. "ఆ తీగ సాంతం పీకు. మధ్యలో మాటలు వినపడి పాపం తడబడతంది."