ఘుబ్రాలో జమ్మి బంగారం

ఈ మధ్య హైదరాబాదు సూపర్ మార్కెట్లలో దసరాకు ముందు జమ్మి రెమ్మల్ని కవర్లో పెట్టి, కొత్తిమీర పక్కన పేర్చి అమ్ముతున్నారు. కవరు విప్పగానే వచ్చే ఆ పచ్చి, కాస్త వగరు వాసన నన్ను తొంభైల తొలినాళ్ల మస్కట్‌కు, ఘుబ్రాలో మేమున్న మూడంతస్తుల బిల్డింగు వెనక్కి లాక్కెళ్తుంది.

అక్కడొక చెట్టుండేది. ఒమానీలు ఘాఫ్ అంటారు; నీడకీ, అందానికీ ఉంచుకుంటారు. అందరూ అర్బాబ్ అని పిలిచే మా బిల్డింగు ఓనరు, తన తండ్రి నాటిన ఆ చెట్టు కింద కారు ఆపి, దిగగానే ముందు తలెత్తి దాన్నే చూసేవాడు. దాన్ని సాకే మా బిల్డింగు వాచ్‌మన్ పోచన్నది జగిత్యాల వైపు. ఏసీల నుంచి కారే నీళ్లను పెయింటు డబ్బాల్లో పట్టి, ఎండాకాలమంతా దాని మొదట్లో పోసేవాడు. ఊళ్లో ఇంటి గోడలు లేచాయి, స్లాబు పడేదాకా ఇంకో రెండేళ్లు ఈ కొలువుంటే చాలు అనేవాడు. ఆ నీడలో తొక్కుడుబిళ్ల ఆడుకునే మాకు, అది మన జమ్మేనని మొదట చెప్పిందీ అతనే.

రెండు దసరాలకు ఇంటికొక రెమ్మ తనే కోసిచ్చాడు. "గింతే. ఎక్కువ తెంపితే అర్బాబ్ నన్ను తెంపుతడు" అని నవ్వేవాడు. మూడో ఏడు సంగతి మస్కట్‌లోనే దార్సైట్, బౌషర్ పేటల్లోని మనవాళ్లకూ పాకింది. మా తెలంగాణ వాళ్లకు దసరానాడు జమ్మాకే బంగారం. పెద్దల చేతిలో పెట్టి మొక్కాలి, ఎదురైన ప్రతివాళ్లకూ పంచాలి, కనుక ఎంతున్నా చాలదు. దసరా పడిన ఆ శుక్రవారం మటన్ కూర, బగారన్నం, గారెల వాసనల మధ్య కార్లలోంచి కుటుంబాలు దిగుతూనే ఉన్నాయి.

"ఒక్కొక్క రెమ్మనే అక్కా! కొమ్మలు ఇరవకుండ్రి!" అంటూ పోచన్న చెట్టు చుట్టూ తిరిగాడు.

"బంగారం గూడ రేషన్ల ఇస్తవా, పోచన్నా?" అంది పై అంతస్తు సుగుణత్త.

అందరం నవ్వాం, జోకు నిజంగానే బాగుంది. మగవాళ్లు కారు మీదికెక్కి కొమ్మలు వంచారు. నేను గౌను నిండా దూసుకున్నాను. గంటలో చెట్టు గుడ్డ ఊడిన గొడుగైంది. పెద్దవాడు కదా అని, ఆ ఆకులే తలా నాలుగు పోచన్న చేతిలో పెట్టి మొక్కాం.

అర్బాబ్ వచ్చేసరికి అందరి చేతుల్లోనూ ఆకే. ఆయన అరవలేదు. "ఎవరు?" అని అరబీలో అడిగాడు. పదేళ్లుగా అరబీలో బేరాలాడుతున్న పెద్దలంతా ఒక్కసారిగా ఆ భాష మరిచిపోయారు. బళ్లో అరబీలో ఫస్టు వచ్చేదాన్ని నేనే. నాన్న వెన్ను తట్టగానే, "ప్రతి ఏడూ మాకు ఇచ్చేది పోచన్నే" అని తడుముకోకుండా చెప్పాను. అబద్ధమేమీ కాదు.

తన పేరొక్కటే అర్థమైన పోచన్న నా వైపు వంగాడు. "ఏమన్నవ్ బిడ్డా?"

"ఏం లేదు" అన్నాను.

వీసా ఇచ్చింది అర్బాబే, వారంలో రద్దయింది. వెళ్లే రోజు అమ్మ పోచన్నకు పులిహోర కట్టిచ్చింది, విమానంలో అన్నం పెడతారో లేదోనని ఆమె దిగులు. నాన్న నా అరబీని నెల రోజులు మెచ్చుకున్నారు. చెట్టు చలికాలంలోనే చిగిర్చింది, మా అంత సిగ్గులేకుండా.

ఇప్పుడా చెట్టూ లేదు, బిల్డింగూ లేదు; అద్దాల ఆఫీసొకటి లేచిందట. ఆనాటివాళ్లం ఇక్కడ పెళ్లిళ్లలో కలిస్తే, అంత మంచి దసరా మళ్లీ జరగలేదని చెప్పుకుంటాం. మటన్ ఎవరు వండారో, ఎవరు ఏ చీర కట్టారో అందరికీ గుర్తే. మొన్నొక పెళ్లిలో, పోచన్నది ఏ ఊరని అడిగాను.

"ఏ పోచన్న?" అంది సుగుణత్త.