సున్నా దాకా

మదనపల్లెలో పొలం కాగితాల కోసం కంప్యూటర్ సెంటరుకు పోయిన ప్రతిసారీ అక్కడ కూర్చున్నాయన ఒకే మాట చెప్పేవాడు, సర్వర్ డౌన్ అని. నాతోపాటు వచ్చినవాళ్లంతా ఏదో అర్థమైనట్టు తలలూపి వెనక్కి తిరిగేవాళ్లు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఆ సర్వర్ యాడుండాదప్పా?" అని ఒకసారి అడిగేశాను. "అదంతా మీకెందుకమ్మా, రేపు రాండి" అన్నాడు. మీకెందుకు అంటే నాకు ఒళ్లు మండుతుంది. అదెక్కడుందో ఆయనకూ తెలియదని ముఖం చూస్తేనే తెలిసిపోయింది. తెలియదని ఒక్క మాట అని ఉంటే నేను ఇంటికి పోయి సంగటి కెలుక్కుంటూ ఉండేదాన్ని. ఈ చదువు ఊసే వచ్చేది కాదు.

అప్పటికి నాకు నలభై దాటి కొన్నేళ్లయింది. కురబలకోట పక్కన పల్లె మాది. టమోటా, వేరుశనగ, కొన్ని గొర్రెలు. పెళ్లితో ఆగిపోయిన డిగ్రీని పిల్లలు పెద్దయ్యాక దూరవిద్యలో ముగించాను. ఇద్దరూ బెంగళూరులో ఉద్యోగాలకు కుదురుకున్నాక ఎవరికీ చెప్పకుండా ప్రవేశ పరీక్ష రాశాను. కుప్పంలో యూనివర్సిటీలో ఎంసీఏ సీటు వచ్చింది. ఆ మాట చెప్పినప్పుడు మా ఇంటాయన టమోటా చెట్లకు కట్టెలు నాటుతున్నాడు. చేతిలో గునపం ఆపలేదు.

"ఈ వయసులో హాస్టల్లో ఉంటావా?" అన్నాడు.

"ఉంటా."

సాలు చివరిదాకా పోయి వచ్చి, గునపం నేలలో గుచ్చి నిలబడ్డాడు. "ఒక సెమిస్టరు సూద్దాం. ఒక్క సబ్జెక్టు పోయినా మూట కట్టుకోని వచ్చేయాల. మల్లా ఆ ఊసు ఎత్తకూడదు."

అది అన్యాయమని నేననను. ఇంట్లో వయసు మళ్లిన మా అత్త ఉంది. కాపు మొదలైతే కాయలు కోయడానికి మనుషులు దొరకరు. నేను లేకపోతే పొయ్యి కూడా ఆయనే వెలిగించుకోవాలి. తప్పిన సబ్జెక్టును మళ్లీ రాసుకోవచ్చని యూనివర్సిటీ ఒప్పుకుంటుంది గానీ, మా ఇంట్లో ఆ సౌకర్యం లేదు. సరేనన్నాను.

కుప్పంలో మొదటి రోజు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపాడు. "ఎవురి కోసం వచ్చినారమ్మా?" అన్నాడు. నా కోసమే అన్నాను. అతను నవ్వలేదు, కార్డు చూపించమన్నాడు. క్లాసులో అందరూ నా పిల్లల కంటే చిన్నవాళ్లు. అందులో ఒక పిల్ల మాత్రం మొదటి వారంలోనే నా పక్క సీటు పట్టేసింది. వాళ్ల నాన్నకు పుంగనూరులో గాజుల అంగడి. సోమవారాలు నేను మదనపల్లెలో ఎక్కి కూర్చున్న బస్సులోనే తను పుంగనూరులో ఎక్కేది. ఫోనులో వాళ్లమ్మతో ఉర్దూలో కయ్యం పెట్టుకుంటూనే నాతో తెలుగులో పాఠాలు చెప్పించుకునేది. కాదు, తప్పు చెప్తున్నాను, పాఠాలు చెప్పేది తను. నన్ను ఆంటీ అంటూనే చెయ్యి మీద కొట్టేది, మౌసును రోకలి మాదిరి పట్టుకున్నానని.

నా ప్రశ్నలతో లాబులో అందరికీ విసుగు పుట్టించాను. తెరమీద ఆ గీత యాల అట్ల ఆరతా వెలగతా ఉండాది? ఆపేస్తే నేను రాసిందంతా యాడికి పోతాది? పాఠం చెప్పే సారు మంచివాడు, కొన్నిటికి జవాబు చెప్పేవాడు, కొన్నిటికి "అది సిలబస్‌లో లేదమ్మా" అనేవాడు. సిలబస్‌లో లేనివే నాకు ఎక్కువ కావలసి వచ్చేవి. ఏదైనా ప్రోగ్రాం మొదటిసారి నడిచి తెరమీద జవాబు వచ్చినప్పుడు కలిగే సంతోషం ఏమని చెప్పేది, సిగ్గు లేకుండా లాబులోనే చప్పట్లు కొట్టుకున్నాను ఒకసారి.

అన్నిటికంటే లూప్ నాకు బాగా నచ్చింది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయమని యంత్రానికి చెప్పడమే లూప్ అంటే. చేసిందే చేయడం నాకు కొత్తా? కసువు ఊడ్చడం, అంట్లు తోమడం, గొర్రెలను తోలడం, బతుకంతా అదే. కొత్త ఏమిటంటే, ఎప్పుడు ఆపాలో కూడా ముందే చెప్పాలి. చెప్పకపోతే అది ఆగదు. మాకు పెళ్లినాడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదని నేనంటే పుంగనూరు పిల్ల పగలబడి నవ్వింది.

పరీక్షలు వచ్చాయి. రాతపరీక్షలు పరవాలేదు. చివర్లో ప్రోగ్రామింగ్ లాబ్ పరీక్ష. బయట కాలేజీ నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చారు. నాకు వచ్చిన ప్రశ్న రేషన్ షాపు. వరసలో ఐదుగురు నిలబడి ఉంటారు. ముందున్న మనిషికి బియ్యం ఇచ్చి వరస నుంచి తీసేయాలి, తర్వాత మనిషిని పిలవాలి, అట్లా అందరికీ. చదవగానే ప్రాణం లేచి వచ్చింది. రేషన్ షాపు వరస గురించి నాకు ఒకరు చెప్పాలా? గబగబా కొట్టి నడిపించాను.

నలుగురికి బియ్యం వచ్చింది. ఐదో మనిషికి రాలేదు.

మళ్లీ నడిపించాను. మళ్లీ నలుగురే. ఎగ్జామినర్ వెనక నిలబడి, "ఐదో ఆమె ఏం పాపం చేసిందమ్మా?" అన్నారు. ఆయన మామూలుగానే అడిగారు గానీ నేను కంగారులో అన్నీ కెలకడం మొదలుపెట్టాను. పేర్లు ఎక్కించిన దగ్గర తప్పేమో అనుకున్నాను, అది మార్చాను. పిలిచే దగ్గర తప్పేమో అనుకున్నాను, అదీ మార్చాను. బాగున్నవన్నీ ఒక్కొక్కటిగా చెడగొట్టుకుంటూ పోయాను. కడకు ఆ నలుగురికి కూడా బియ్యం రాలేదు, తెర నిండా ఎర్రటి అక్షరాలే వచ్చాయి. టైం అయిపోయిందన్నారు.

క్యాంటీనులో పుంగనూరు పిల్ల నా చేత నేను మొదట కొట్టిన ప్రోగ్రాం అంతా కాగితం మీద రాయించింది. పై నుంచి కిందికి వేలు పెట్టుకుంటూ చదివి ఒకచోట ఆగింది. వరసలో ఒకరి కంటే ఎక్కువ మంది ఉన్నంతవరకు ఇస్తూ పో అని రాశాను నేను.

"ఒకటి యాల పెట్టినావు ఆంటీ? సున్నా గదా పెట్టాల్సింది."

"అంతా ఊడ్చేస్తే ఎట్ల?" అన్నాను.

నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు.

మా ఇంట్లో ఏదీ అడుగంటా తీయరు. బియ్యం డబ్బాలో చివరి పిడికెడు అట్లే ఉంచి, కొత్త మూట విప్పి దాని మీద పోస్తాం. మా అత్త సంతకు వంకాయలు తీసుకుపోతే ఒక కాయ అమ్మకుండా గంపలోనే పెట్టుకొని వచ్చేది. ఖాళీ గంపతో ఇంట్లో అడుగు పెట్టకూడదు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను డబ్బా బోర్లించి దులిపితే ఆమె నన్ను కొట్టినంత పని చేసింది. అప్పటి నుంచి నా చెయ్యి అడుగుకు పోకముందే దానంతటదే ఆగుతుంది. ప్రోగ్రాంలోనూ ఆగింది. ఇదంతా చెప్తే ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫలితాలు సెలవుల్లో వచ్చాయి. అన్నీ పాస్, లాబ్ ఒక్కటి పోయింది. ఇంటాయనకు చెప్పాను. "సరే" అన్నాడు. దెప్పలేదు. దెప్పి ఉంటే పోట్లాడి ఉండేదాన్ని. కుప్పం పోయి హాస్టల్లో నా పరుపు, బక్కెట్టు తెచ్చుకున్నాను. తిరిగి వచ్చే బస్సు పలమనేరు దాటేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చాను. పక్కనామె తలనొప్పా అని అడిగితే అవునన్నాను.

రెండో సెమిస్టరు మొదలైందని పుంగనూరు పిల్ల ఫోను చేసింది. మేము అప్పుడే కాయలు కోయడం ముగించాం. పక్కనున్న అంగళ్లు ఊళ్లో టమోటా మార్కెట్టుకు పోయే బండి రాలేదని గట్టు మీద క్రేట్లు పేర్చుకొని కూర్చున్నాం. మా ఇంటాయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "అసలు యెట్ల పోయింది అది?" అన్నాడు. ఇన్నాళ్లకు అడిగాడు.

క్రేటులోంచి ఐదు కాయలు తీసి గట్టు మీద వరసగా పెట్టాను. ఇది రేషన్ షాపు అన్నాను. ఒక్కో కాయను తీసి పక్కన పెడుతూ చూపించాను. చివరి కాయ దగ్గర చెయ్యి తీసేసి, ఇదీ నేను చేసింది అన్నాను.

"ఒకటి ఉంచేది మన పద్ధతే గదా" అన్నాడు. "దాంట్లో తప్పేముండాది? ఆ పరీచ్చ పెట్టినాయప్పకే తెల్దు."

నాకు సంతోషమే అయింది గానీ ఒప్పుకోలేకపోయాను. "ఇది గంప కాదు. ఆడ నిలబడింది మనిషి. పొద్దున్నించి ఎండలో నిలబడినామెను ఉత్త సంచితో ఇంటికి పంపిస్తే తప్పు కాదా?"

ఆయన ఆ ఒంటి కాయను తీసి పక్కన వాటిలో కలిపాడు. గట్టు మీద ఏమీ మిగల్లేదు.

"అంతా పోయినారు" అన్నాడు. "మనమైతే తలెత్తి సూసి ఎవురూ లేరనుకుంటాము. దానికి కండ్లు లేవు గదా, యెట్ల తెలస్తాది?"

"లెక్క ఒక్కొక్కటే తగ్గి సున్నా అవుతాది. సున్నా కాంగానే ఆగమని సెప్తాము."

"సున్నా అంటే ఏమీ లేకపోవడం గదా?"

"అవును."

"ఏమీ లేనిదాన్ని అది లోపల యాడ పెట్టుకుంటాది?"

కరెంటు గురించి, సారు బోర్డు మీద గీసిన గళ్ల గురించి ఏదో చెప్పబోయాను. చెప్పేకొద్దీ నాకే పొంతన కుదరలేదు. ఖాళీ గడికి, సున్నా ఉన్న గడికి తేడా ఏమిటో నేనెప్పుడూ అడగనే లేదు. ఇంత చిన్న ప్రశ్న నాకెందుకు తోచలేదని ఒళ్లు మండింది. అదంతా రెండో సెమిస్టరులో ఉంటుందని మాత్రం తెలుసు.

"అది రెండో సెమిస్టరులో సెప్తారు" అన్నాను.

"అంటే నీకు తెల్దు."

"తెల్దు."

బండి హారన్ వినబడింది. ఆయన లేచి, క్రేటు ఒకటి భుజానికి ఎత్తుకొని నా వైపు తిరిగాడు.

"తెల్దంటే మరి ఈడ కూసోని ఏం సేస్తాండావు?"