ఎడమ మూల బిస్కెట్టు

ఓడిన జట్టును తలచుకుంటూ ఒక మనిషి అంత తృప్తిగా టీ ఎలా తాగగలడో ఇప్పటికీ అంతుపట్టదు. బస్సు మెకానిక్‌గా రిటైరైన రాజనర్సయ్య, లీగ్ పోటీలు లేని నెలల్లో రోజూ నాలుగింటికి పంజాగుట్ట ఇరానీ హోటల్లో కూర్చుని, తమ అమీర్‌పేట బస్తీ ఫుట్‌బాల్ జట్టును బల్ల మీద పేరుస్తాడు. పదకొండు ఉస్మానియా బిస్కెట్లు. గ్రీజు నలుపు ఇంకా వదలని గోళ్లతో ఒక్కొక్కదాన్నీ జరుపుతూ, "ముందటోళ్లు మస్తుగున్నరు. గోలీ సుత గట్టోడే. నడుమల జర ఊపిరి తక్కువ" అంటాడు. ఎవరిని తప్పించాలనుకుంటే ఆ బిస్కెట్టును టీలో ముంచి తినేస్తాడు. ఎడమ మూలదాన్ని మాత్రం ఆరేళ్లుగా ముట్టలేదు. అది ఎడమవైపు డిఫెండర్‌గా ఆడే కొడుకు విజయేందర్‌ది.

నిన్న విజయేందర్‌ను వెంటబెట్టుకుని కోచ్ కేదార్ వచ్చాడు. కొత్త సీజన్‌కు పేర్లు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది. "మొహమాటం లేకుండా చెప్పండి నర్సయ్యగారూ, లోపం ఎక్కడుందంటారు?" అన్నాడు. పోయినేడు జట్టు మీద పడిన గోల్స్‌లో సగం ఎడమవైపు నుంచే వచ్చాయి. రాజనర్సయ్య మెల్లగా ఆ మూల బిస్కెట్టును దగ్గరకు లాక్కున్నాడు.

"దమ్మున్నది. మోకాలే సహకరిస్తలేదు" అంటూ టీలో ముంచాడు.

విజయేందర్ ఊపిరి పీల్చుకుని నవ్వాడు. "ఆడుడు బంద్ జేస్తనని ఏడాది సంది చెప్దామనుకుంటున్న బాపూ. నువ్వు గా బిస్కెట్టును కాపాడుతుంటే నోరు రాలే" అని, తన టీ తండ్రి కప్పులో ఒంపాడు.

రాజనర్సయ్య చుక్క మిగల్చకుండా తాగాడు. ఖాళీ పడిన మూలకు ప్లేటులోంచి ఇంకో బిస్కెట్టు జరిపి, తువ్వాలు భుజాన వేసుకుని లేచి వెళ్లిపోయాడు.