గరగరమన్న బెరడు ముక్క

డిగ్రీ పాసయ్యాను! మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. కానీ ఒక ఆదివారం పొద్దున, ఆళ్లగడ్డలో మా పెరటి పొయ్యి ముందు, ఈ రోజు రాదనే అనుకున్నాను.

నంద్యాల కాలేజీలో నా ప్రాజెక్టు బెరడులా కనిపించే చిమ్మటల మీద. వీటి గొంగళిపురుగు కొమ్మ బెరడునే గీకి, ఆ పొట్టుతో బోర్లించిన పడవలాంటి గూడు కడుతుంది. చూస్తే కొమ్మకున్న బొడిపె అనుకుంటాం. రెక్కలొచ్చాక రంగు చూసి పోల్చుకోవడం కూడా కుదరదు. ఒకే జాతిలో ఒకటి బూడిద రంగు, ఇంకొకటి ముదురు గోధుమ. ఏ ప్రజాతిదో, అంటే ఏ దగ్గరి చుట్టాల గుంపులోదో తేలాలంటే వెనక రెక్కల ఈనెలు చూడాల్సిందే. అందుకే గూళ్లున్న కొమ్మలు బస్సులో ఇంటికి తెచ్చి, గోడకు ఆనించి, చిమ్మటలు బయటికొచ్చే రోజు కోసం చూస్తున్నాను. గొంగళిపురుగుల కాలం అయిపోయింది, మళ్లీ గూళ్లు దొరకవు. వైవా దగ్గరపడింది.

ఆ పొద్దున లేచి చూస్తే గోడ దగ్గర కొమ్మలు లేవు.

"మా, ఆడ పెట్టిన కట్టెలు యాడ?"

"పొయ్యిలో పెట్టినా. చర్చికి టైమైతాంది, నీళ్లు కాగొద్దా?"

"వాటి మీద నా పురుగులుండాయి మా!"

"యాడుండాయి మే? ఒక్కోటీ దులిపే పెట్టినా."

నిజమే. చీమ కూడా కాలకూడదని అమ్మ ప్రతి కట్టెనూ బండకేసి కొట్టి గానీ పొయ్యిలో పెట్టదు. చీమలు దిగిపోతాయి. గూడు కట్టుకున్నది ఎట్లా దిగుతుంది? కట్టె లాగబోయి చెయ్యి కాల్చుకున్నాను. అప్పటికే అన్నీ నిప్పులైపోయాయి. నేలమీద కూలబడి ఏడ్చాను. ఏ ముఖం పెట్టుకుని కాలేజీకి పోవాలి?

"ఏందే, సచ్చినోళ్ల ఇంట్లో మాదిరి ఏడుస్తాండావ్?" అంటూనే అమ్మ బండ మీద రాలిన పొట్టు చేత్తో ఎత్తింది. ఎత్తి ఆగిపోయింది.

"మే, ఈ చెక్క గరగరమంటాంది!"

లాక్కుని చెవి దగ్గర పెట్టుకున్నాను. ఈ గూళ్లలో కొన్ని కదిలిస్తే లోపలి ప్యూపా గోడకు రాసుకుని చప్పుడు చేస్తుందని చదివాను గానీ, ఎప్పుడూ వినలేదు. బండ దెబ్బకు కొమ్మ నుంచి ఊడిపడ్డ గూడు అది. ఆ రోజు చర్చికి ఇద్దరం పోలేదు. మిగతా పొట్టంతా చెవి దగ్గర పెట్టుకుని విన్నాం. ఇంకేదీ పలకలేదు.

ఆ ఒక్కటే దోమతెరలో రెక్కలు విప్పింది. దాని ఈనెలు చూపించే వైవాలో ప్రజాతి పేరు చెప్పాను.

ఫలితాలు చూడగానే ఫోన్ చేశాను.

"మా, పాసైనా!"

"అదుండబట్టే గదా పాసైనావ్," అంది అమ్మ. "నేను దులపకపోయింటే అదీ కాలిపోయేది."